కమాను కంట్లోని ముసలాయన

"నాలుగింటిదాకా టైమిచ్చారు ఆంటీ. ఆలోగా కమాను ఎక్కడ దాచానో చెప్పకపోతే పోలీసులకి ఫోన్ చేస్తారట. దాస్తే కదా చెప్పడానికి!"

అంతవరకు చెప్పి భవిత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నాగమల్లేశ్వరి ఓదార్చలేదు. ఓదార్చడానికి వేరే మనుషులుంటారని ఆవిడ ఉద్దేశం. ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, ఆపైన సొంతంగా డిటెక్టివ్ లైసెన్సు తీసుకున్న మనిషి. మోకాళ్ళు అరిగాయి గాని నోరు అరగలేదు.

"ఏడవడానికి రాత్రంతా ఉంది. ముందు అడిగినదానికి జవాబు చెప్పు. ఆ కమాను చివరిసారి ఎవరి చేతిలో ఉంది?"

"నా చేతిలోనే ఆంటీ."

"బాగుంది. శుభమా అని మొదలుపెట్టావు."

వాళ్ళు కూర్చున్నది డాక్టర్ సత్యం గారింటి బేస్‌మెంట్‌లో. సత్యం నేపర్‌విల్‌లో పేరున్న గుండె డాక్టరు. కూతురు నైనిక వయొలిన్ వాయిస్తుంది. వచ్చే వారం ఒక పెద్ద సంగీత కళాశాలలో ఆడిషన్. ఆ పిల్ల కోసం రెండేళ్ళ కిందట ఆయన ఒక కమాను కొన్నాడు. వయొలిన్ కాదు, దానిమీద లాగే కమాను మాత్రమే. నూట యాభై ఏళ్ళ కిందట ఫ్రాన్సులో ఎతియెన్ వార్లే అనే పనివాడు చెక్కినది. దాని ఖరీదు విన్న రోజున గుండె డాక్టరుగారి గుండే ఒక్క క్షణం ఆగిందని ఊళ్ళో తెలుగువాళ్ళు చెప్పుకున్నారు.

నిన్న మహర్నవమి. ఇంట్లో ఉన్న వాద్యాలన్నీ అమ్మవారి ముందు పూజలో పెట్టారు. ఒకసారి పెట్టాక దశమినాడు ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఇవాళ పొద్దున ఉద్వాసన చెప్పి, నైనిక కమాను చేతిలోకి తీసుకుని కెవ్వుమంది. అక్కడున్నది ఫ్రెంచి కమాను కాదు, తను చిన్నప్పుడు వాడి పడేసిన పాత కమాను.

భవిత ఎమ్మెస్ చదువుతోంది. శని ఆదివారాలు నైనిక పక్కన కూర్చుని ప్రాక్టీసు చేయిస్తుంది. రాత్రి ఈ ఇంట్లో పడుకున్న ఏకైక పరాయి మనిషి. ఇంకేం కావాలి? పిలిచిన వెంటనే వచ్చిన ఇన్సూరెన్సు పరిశోధకుడు అవినాష్ గంటలోపల దొంగని తేల్చేశాడు. అది నమ్మలేక నైనికే నాగమల్లేశ్వరికి ఫోన్ చేసి రప్పించింది.

"డిసెంబర్లో నా డిగ్రీ అయిపోతుంది ఆంటీ. ట్రాయ్‌లో జాబ్ ఆఫర్ ఉంది. ఒక్కసారి అరెస్టయితే వీసా రివోక్ చేసేస్తారు. తర్వాత తప్పు లేదని తేలినా అది వెనక్కి రాదు. నా లైఫ్ మొత్తం పోతుంది."

అలా పోయినవాళ్ళని నాగమల్లేశ్వరి చూసింది. అయినా గొంతు మెత్తబడనివ్వలేదు.

"నీ చేతిలో ఉన్నప్పుడు ఏం చేశావు?"

"నైనిక వాయించడం అయ్యాక మర తిప్పి వెంట్రుకలు వదులు చేశాను. కమానుకి గుర్రపు వెంట్రుకలు కడతారు కదా ఆంటీ, వాయించేముందు బిగిస్తాం, అయ్యాక వదులు చేస్తాం. తర్వాత పద్మ ఆంటీకిచ్చాను. ఆవిడే పూజలో పెట్టారు."

"వదులు చెయ్యకపోతే?"

"పాతవైతే చాలా డేంజర్. ఎండుగాలికి, వేడికి వెంట్రుక కుంచించుకుపోతుంది. ముందే బిగించి ఉంటే ఆ లాగుడికి కొసన తల విరిగిపోతుంది. ముక్కులాగా ఉంటుంది చూడండి, తెల్లటి ఎముక రేకు అతికించి, అక్కడ."

"సరే. మరి అవినాష్ నీమీదెందుకు పడ్డాడు?"

భవిత తల దించుకుంది. "నా ఫోన్ అడిగారు. భయమేసి పాస్‌వర్డ్ కూడా చెప్పేశాను. అందులో కమాను ఫొటోలున్నాయి. ఇక్కడ డౌన్‌టౌన్‌లో కమాన్లు రిపేర్ చేసే రస్సెల్ గారని ఉన్నారు, ఆయనకి ఈ కమాను విలువెంత అని మెయిల్ పెట్టాను. అది అందరి ముందూ చదివారు."

"ఎందుకు పెట్టావు?"

"ఊరికే ఆంటీ. తెలుసుకుందామని."

అబద్ధం చెప్పేటప్పుడు ఈ పిల్ల చున్నీ కొస వేలికి చుట్టుకుంటుందని నాగమల్లేశ్వరి అప్పుడే గమనించింది. దొంగతనం గురించి అడిగినప్పుడు చుట్టుకోలేదు. ఈ అబద్ధం సంగతి తర్వాత చూద్దామనుకుని లేచింది.

పూజగది మేడమీద. డాక్టరుగారి భార్య పద్మ గుమ్మంలోనే ఎదురైంది. పండగ చీర మార్చుకోలేదు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఆ పిల్లని ఇంటికి పంపెయ్యమని ఈయనకి చెబుతూనే ఉన్నాను మల్లేశ్వరి గారూ. వినడం లేదు. పోతే పోయింది, పీడ విరగడైంది అనుకోవచ్చు కదా!"

కొంప తాకట్టు పెట్టి కొనేంత ఖరీదు చేసే వస్తువు పోతే పీడ విరగడైందనే ఇల్లాలిని నాగమల్లేశ్వరి ఇంతవరకు చూడలేదు. లోపలికి వెళ్ళింది.

ఎర్రటి రవికెగుడ్డ పరిచిన పీట. దానిమీద ఒక వీణ, నైనిక వయొలిన్, ఒక జత తాళాలు. పక్కనే ఇత్తడి కుందిలో అఖండదీపం ఇంకా వెలుగుతోంది. కింద హీటర్ వెంటిలేటరు వేడిగాలి ఊదుతోంది. ఆవిడ మోకాళ్ళు మూలుగుతున్నా వంగి కూర్చుంది.

"కమాను ఎక్కడ పెట్టారు?"

"ఇదిగో, ఇక్కడ." పద్మ వేలు దీపం పక్కకి చూపించింది. జానెడు దూరం కూడా లేదు.

నాగమల్లేశ్వరి వీణ తీగె మీటింది. ఖణేల్‌మంది. "వీణ ఎవరు వాయిస్తారు?"

"ఎవరూ వాయించరు. నా పెళ్ళికి ముందుది. ఏడాదికోసారి పూజకి తీస్తాను."

"మరి తీగెలు ఇంత బిగువుగా ఉన్నాయే?"

"మొన్న కూర్చుని బిగించాను. అమ్మవారి ముందు తీగెలు వదులైన వాద్యం పెడతారా ఎవరైనా? అశుభం కదూ!"

ఆ మాట అనేశాక పద్మ నోటిమీద చెయ్యి వేసుకున్నంత పని చేసింది. నాగమల్లేశ్వరి ఆవిడ వైపు చూడలేదు. రవికెగుడ్డ మీద చెల్లాచెదురుగా పడ్డ అక్షింతల్ని చూస్తోంది. అన్నీ పసుపు కలిపిన గింజలు. ఒక్కటి మాత్రం తెల్లగా ఉంది. పసుపు అంటని అక్షింత ఎక్కడైనా ఉంటుందా? గోటితో తీసి అరచేతిలో వేసుకుంది. బియ్యపు గింజ కాదు. పలచటి ఎముక పెచ్చు.

"ఏం దొరికింది మేడం?"

వెనక నుంచి గొంతు. అవినాష్ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, ఎవరినీ నొప్పించని నవ్వు. ఆ నవ్వు చూసే అప్పట్లో ఆవిడ వాడిని నమ్మింది.

ఆవిడ గుప్పిట మూసింది. "మోకాలి నొప్పి దొరికింది. నీకెందుకు?"

"మీ కష్టం చూడలేక. ఇల్లంతా వెతికాను మేడం. భవిత గది, కార్లు, చెత్తడబ్బాలు, డ్రయ్యరు లోపల కూడా. కమాను లేదు. అంటే ఇల్లు దాటేసింది. కొనేవాడికి మెయిల్ పెట్టిన మనిషి మన కళ్ళెదుటే ఉంది. ఇంకా ఎందుకు లాగుతారు?"

"తలుపులు బద్దలు కొట్టలేదు. కెమెరాలో ఎవరూ బయటికి పోలేదు. కమానుకి కాళ్ళొచ్చాయా?"

"పార్ట్‌నర్ ఉండొచ్చు. కిటికీలోంచి అందించొచ్చు."

"నేను నేర్పిన మొదటి పాఠం మర్చిపోయావురా. వస్తువు ఎక్కడుందో తెలియకుండా దొంగ పేరు చెప్పకూడదు."

నవ్వు కాస్త సన్నబడింది. "ఆ పాఠం పాతబడింది మేడం. ఇప్పుడు కంపెనీకి ఫైలు మూసెయ్యడం ముఖ్యం. ఆ పిల్ల సంతకం పెడితే నేనే కేసు చిన్నది చేయిస్తానని చెప్పాను. వినదు. మీరైనా చెప్పండి."

"సంతకమా? చేతులు కట్టేసి ఈదమన్నట్టుంది. జరుగు!"

వాడిని నెట్టుకుంటూ బయటికి వచ్చి గడియారం చూసింది. మూడు దాటింది. చెయ్యి తెరిచి చూసుకుంటే ఒక పెచ్చు తప్ప ఏమీ లేదు.

చెత్తడబ్బాలు వెతికాడట. వెతుకుతాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, పూజ గురించి వాడికేం తెలుసు? అమ్మవారి ముందు పెట్టి, గంధం బొట్టు పెట్టి, హారతిచ్చిన వస్తువుని ఈ ఇంటి ఇల్లాలు చెత్తలో వేస్తుందా? వాడిన పువ్వునే వెయ్యదు. నిర్మాల్యమంతా ఒక సంచీలో పోగుచేసి, ఎప్పుడో ఒకప్పుడు తీసుకెళ్ళి పారే నీటిలో కలుపుతుంది.

నాగమల్లేశ్వరి గరాజ్‌లోకి వెళ్ళింది. పద్మ కారు వెనక డోరు తీసి ఉంది. సీటు మీద ఇండియన్ స్టోర్ వాళ్ళిచ్చే పెద్ద గుడ్డసంచి, మూతి దారంతో కట్టి. పక్కనే పద్మ, చేతిలో కారు తాళం.

"నదికేనా?"

పద్మ తాళం వెనక్కి దాచుకుంది. నాగమల్లేశ్వరి ముడి విప్పింది. చామంతులు, మారేడు దళాలు, తడిసిన తమలపాకులు. అడుగున పసుపు పూసిన గుడ్డలో చుట్టి, ఎర్రగా నిగనిగలాడే కర్ర. దాని కొసన తల లేదు. ఆ తల వెంట్రుకలకి వేళ్ళాడుతోంది.

"నేను దొంగని కాదక్కా!" పద్మ అక్కడే గచ్చు మీద కూలబడిపోయింది. "వదులుగా ఉందని నేనే మర తిప్పి బిగించాను. తెల్లవారుజామున దీపంలో నూనె పొయ్యడానికి వెళ్తే ఇలా ఉంది. పండగపూట, అమ్మవారి ముందు, పిల్ల ఆడిషన్ ముందు! నైనిక చూస్తే ఇక వాయించగలదా? నా చేతులు నరికేసుకోవాలనిపించింది. పాత కమాను అక్కడ పెట్టేశాను. భవిత మీదికి పోతుందని కల్లో కూడా అనుకోలేదు."

"పొద్దుటి నుంచీ పోతూనే ఉంది కదమ్మా. చూస్తూనే ఉన్నావు కదా."

"నోరు పెగల్లేదక్కా. చెబుదామని లేచినప్పుడల్లా ఈయన మొహం చూసి కూర్చుండిపోయాను."

నాగమల్లేశ్వరికి కోపం నషాళానికంటింది. అంతలోనే ఆ కూలబడ్డ మనిషిని చూస్తే జాలీ వేసింది. రెండూ మింగి, విరిగిన కమాను ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"నేను చెబితే నువ్వు పట్టుబడ్డట్టు. నువ్వు చెబితే తప్పు ఒప్పుకున్నట్టు. లే."

హాల్లో సత్యం ఫోన్ చేతిలో పట్టుకుని పచార్లు చేస్తున్నాడు. భవితని పైకి పిలిపించారు. ఆమె ముందు కాగితం, పెన్ను. అవినాష్ పక్కనే నిలబడి అనునయంగా ఏదో చెబుతున్నాడు. నైనిక సోఫాలో ముడుచుకుని కూర్చుంది. పద్మ తిన్నగా నడిచివెళ్ళి ఆ కాగితం మీద విరిగిన కమాను పెట్టింది.

"నేనే విరగ్గొట్టానండీ. పూజకని బిగించాను. భవితకేం తెలియదు."

నైనికే ముందు లేచి తల్లిని కావలించుకుంది. "మమ్మీ, యూ షుడ్ హావ్ టోల్డ్ మీ! ఇట్స్ ఓకే. పాత బోతో ప్లే చేస్తాను." సత్యం కుర్చీలో పడ్డట్టుగా కూర్చుని, "అనవసరంగా ఆ పిల్లని..." అని ఆగిపోయాడు. భవిత ఏడుస్తోంది, కాని ఈ ఏడుపు వేరు.

అందరికంటే ముందు కమాను మీదికి వెళ్ళింది అవినాష్ చెయ్యి. నాగమల్లేశ్వరి చెయ్యి దానిమీద పడింది.

"కంపెనీ కస్టడీలోకి తీసుకోవాలి మేడం. యాక్సిడెంట్ క్లెయిమ్ అవుతుంది. అందరికీ మంచిదే."

మాట మంచిగానే ఉంది. మొహమే బాగాలేదు. పోయిన సొమ్ము దొరికితే ఇన్సూరెన్సువాడి మొహం వెలగాలి. వీడి పెదాలు తెల్లబడ్డాయేం?

"తొందరేముంది? ముందు డాక్టరుగారిని కళ్ళారా చూసుకోనీ."

"మీ ఇష్టం." అవినాష్ జేబులోంచి భవిత ఫోన్ తీసి బల్లమీద పెట్టాడు. "సారీ భవితా. ఇదిగో నీ ఫోను. ఆఫీసుకి ఒక కాల్ చేసి వస్తాను." నవ్వుతూనే వీధి తలుపు తీసుకుని వెళ్ళాడు.

వాడు వెళ్ళాక భవిత సన్నగా అంది. "అంకుల్, దాని కంట్లో చూడండి."

కమాను పట్టుకునే చోట నల్లటి దిమ్మ ఉంటుంది. దానికి రెండు పక్కలా గుండ్రటి ముత్యపు చిప్ప, కన్నులాగా. వార్లే తను చేసిన ప్రతి కమాను కంట్లోనూ ఆవగింజంత అద్దం పొదిగి, అందులో తన ఫొటో పెట్టేవాడట. ఎవడూ తన పేరుతో నకిలీ చెయ్యకుండా. వెలుతురుకేసి పెట్టి చూస్తే ముసలాయన కనిపిస్తాడు. ఈ కథ సత్యం ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళెవరికీ తప్పేది కాదు.

"కొన్న కొత్తలో ఎన్నిసార్లు చూశాను! టోపీ పెట్టుకుని, బల్ల ముందు కూర్చుని..." అంటూ సత్యం కిటికీ దగ్గరికి వెళ్ళి కన్ను ఆనించాడు. చొక్కా కొసతో తుడిచి మళ్ళీ చూశాడు. రెండో వైపు తిప్పి చూశాడు. వెనక్కి తిరిగేసరికి ఆయన మొహంలో నెత్తురు లేదు.

"లేడు."

"ఇది వార్లే చేసింది కాదు అంకుల్," అంది భవిత. "జనవరిలో నేను సరదాగా కంటికి ఫోన్ ఆనించి ఫొటో తీశాను. ముసలాయన పడ్డాడు. మొన్న మళ్ళీ తీస్తే ఏమీ లేదు. మీ కమాను నకిలీ అని చెబితే నేనే మార్చానంటారని భయమేసి, రస్సెల్ గారికి రెండు ఫొటోలూ పంపి, బొమ్మ ఉన్నదాని విలువెంత, లేనిదాని విలువెంత అని అడిగాను. అవినాష్ గారు విలువెంత అన్నంతవరకే చదివారు."

ఈసారి చున్నీ కొస వేలికి చుట్టుకోలేదు.

"మధ్యలో ఇది ఇల్లు దాటి వెళ్ళిందా?" అడిగింది నాగమల్లేశ్వరి. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది.

"ఒక్కసారి. మార్చిలో. విలువ మళ్ళీ కట్టించాలని అవినాషే..." సత్యం మాట మింగేశాడు.

"ఐ టోల్డ్ యూ డాడీ!" అంది నైనిక. "తిరిగొచ్చాక వెయిట్ వేరేగా ఉంది అన్నాను కదా. న్యూ హెయిర్ వేయించాం, అందుకే అన్నారు అవినాష్ అంకుల్."

మార్చిలో అసలుది కాజేసి నకిలీ ఇచ్చిన దొంగే దొంగా దొంగా అని అరిచాడన్నమాట. నకిలీ మాయమైతే వాడికి పండగే. ఇక దాన్ని ఎవరూ పరీక్షించరు. పట్టించడానికి ఒక పరాయి పిల్ల కావాలి, దొరికింది. ఫోన్లో రెండు ఫొటోలు చూశాక ఆ పిల్లని వదలడానికి వీల్లేదు కూడా. పని నేర్పింది తనే. ఆ సంగతి నాగమల్లేశ్వరి గుండెలో ముల్లులా దిగింది.

పరుగున వెళ్ళి వీధి తలుపు తీసింది. వాడి కారు లేదు.

వెనక భవిత కీచుగా అరిచింది. ఆమె చేతిలో ఫోన్ తెల్లటి తెరతో వెలుగుతోంది. కొత్త ఫోన్ కొన్నప్పుడు వచ్చే తెర. హలో, అంది అది. లోపల ఒక్క ఫొటో లేదు, ఒక్క మెయిల్ లేదు.

"క్లౌడ్‌లో?"

"స్టోరేజ్ నిండిపోయి ఏడాదవుతోంది ఆంటీ, కొనలేదు. మెయిల్..." నైనిక లాప్‌టాప్ లాక్కుని భవిత తన మెయిల్ తెరిచింది. పంపిన వాటిలో ఆ ఉత్తరం లేదు. చెత్తబుట్టలోనూ లేదు.

"రస్సెల్ గారి దగ్గర ఉంటుంది కదా! ఆయనకి చేరింది. చూసి రేపు చెబుతానన్నారు."

"ఎంత దూరం?"

"కార్లో మూడు నిమిషాలు. ఒక్కరే ఉంటారు ఆంటీ, పెద్దాయన. పండగని కాదు గాని ఆదివారం కూడా షాపులోనే కూర్చుంటారు."

పూజగదిలో వాడు అడ్డొచ్చినప్పుడే ఒక దెబ్బ వేసి ఉండాల్సిందని తిట్టుకుంటూ నాగమల్లేశ్వరి షాపు నంబరు నొక్కింది. మోగుతోంది. వెనక సోఫాలో పద్మ భవిత తల నిమురుతూ, "నన్ను క్షమించమ్మా, అన్నం తిని ఎంతసేపైందో" అంటోంది. ఆ పిల్ల విరిగిన కమానుని ఒళ్ళో పెట్టుకుని, పొద్దుటి నుంచి మొదటిసారిగా నవ్వడానికి ప్రయత్నిస్తోంది. ఫోన్లో ఫొటోలు పోయాయి. అసలు కమాను మార్చేసింది ఈ పిల్లేనని అవినాష్ రేపు కేసు పెట్టగలడు. ఇక ఆమె నిజం చెప్పిందనడానికి లోకంలో మిగిలినవి రెండే. ఒకటి ఆ ఒళ్ళో ఉంది, ఒకటి రస్సెల్ దగ్గర ఉంది.

అవతల ఎవరో ఫోన్ ఎత్తారు. వెనక ఎక్కడో ఎవరో రొప్పుతున్న చప్పుడు.

"చెప్పండి మేడం." తెలుగులో.

నాగమల్లేశ్వరి ఫోన్‌ని చెవికి గట్టిగా అదిమింది.

"పెద్దాయనకి గుండె జబ్బట," అన్నాడు అవినాష్, ఎప్పటిలాగే నెమ్మదిగా. "నన్ను చూసి కంగారు పడ్డారు. ఆయన మాత్రలు నా చేతిలో ఉన్నాయి. ఆ విరిగిన కమాను తీసుకుని మీరొక్కరే రండి. డాక్టరుగారు వద్దు, పోలీసులు వద్దు. అది నాకిచ్చేస్తే మాత్రలు ఆయనకిచ్చేస్తాను. ఇవ్వరా, మీ ఇష్టం. ఒకరి ప్రాణమా, ఒకరి వీసానా? పాఠాలు చెప్పేవారు కదా, తేల్చుకోండి."

ఫోన్ పెట్టేశాడు.

ఆవిడ వెనక్కి తిరిగింది. భవిత కళ్ళు తుడుచుకుని, ఆ విరిగిన కర్రని రెండు చేతులా పట్టుకుని, ఆశగా ఆవిడకేసే చూస్తోంది.

"ఏమన్నారు ఆంటీ రస్సెల్ గారు? మెయిల్ ఉందా?"